స్త్రీ అనే నోటికి స్ట్రీటు ఒక లెక్కా?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



"వంటింట్లో ఉండే మనకి ఇంగ్లీషు ఉచ్చారణ గొడవ ఎందుకండీ?" అని మీలో కొందరు అనుకుంటూండవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కాని పొద్దున్న లేచి స్టవ్వు వెలిగించింది మొదలు రాత్రి లైటు స్విచ్చి ఆర్పేదాకా మన నోట ఎన్ని ఇంగ్లీషు మాటలు దొర్లుతున్నాయో ఓసారి లెక్కపెట్టి చూడండి. స్కూలు, ప్లేటు, బ్యాంకు, ఫ్రిజ్జి, ప్లాస్టిక్కు, స్క్రూడ్రైవరు. వీటన్నిటినీ మనం మన పద్ధతిలో మెత్తగా చేసుకుని వాడుకుంటున్నాం. ఇంట్లో వాడుకున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. పిల్లవాడి టీచరుతో ఇంగ్లీషులో మాట్లాడవలసి వచ్చినప్పుడో, వేరే రాష్ట్రంలో ఆస్పత్రికి వెళ్లినప్పుడో, పరాయిదేశంలో పుట్టిన మనవరాలు వీడియోలో పలకరించినప్పుడో వస్తుంది చిక్కు. నోరు తెరుస్తాం, మాట గొంతులోనే ఉండిపోతుంది. "నాకు నాలిక తిరగదమ్మా" అనేసి ఫోను పక్కవాళ్ల చేతికిచ్చేస్తాం.

నాలిక తిరగకపోవడం కాదు సుమండీ అసలు సంగతి. అదేమిటో చెబుదామనే ఈవేళ మీ ముందుకి వచ్చాను. అంతకన్న ముందు నా కథ ఒకటి చెప్పనివ్వండి. పాఠం అందులోంచే వస్తుంది.

మాది నరసాపురం. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. లేసు అల్లికకి పేరు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని చుట్టుపక్కల పల్లెల్లో వేలాదిమంది ఆడవాళ్ల చేతికి అబ్బింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అరుగు మీద కూర్చుని, ఒక కొక్కెం సూదీ ఒక దారపు ఉండా దగ్గర పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూనే పువ్వులూ చక్రాలూ అల్లేస్తారు. ఒకరు పువ్వులు అల్లితే, వాటిని కలిపి పెద్ద గుడ్డగా చేసేవారు వేరొకరు. ఆ కలిపే పనిని అతుకుపని అంటారు. పువ్వు ఎంత బాగున్నా అతుకు కనబడిందంటే ఆ గుడ్డకి విలువ లేదు.

1986లో మా అత్తయ్యగారు కూడా ఎనిమిదిమందిచేత ఈ పని చేయిస్తూండేవారు. ఆవిడకి లెక్కలు వచ్చు, డిజైన్లు వచ్చు, ఇంగ్లీషు మాత్రం రాదు. నేను బి.ఏ. చదివిన కోడల్ని కనక ఉత్తరాలూ ఫోన్లూ నా వంతు. మద్రాసులో ఒక వర్తకుడికి ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు వేసి ఆరు రకాల నమూనాలు పంపించాం. ఓనాడు మధ్యాహ్నం ఎదురింటివాళ్ల ఫోనుకి ట్రంకాలు వచ్చింది. ఆయనకి తెలుగు రాదు, నాకు తమిళం రాదు. గరగరమంటున్న లైనులో ఆయన "సెండ్ ద సిక్స్‌థ్ సెట్" అన్నారు. ఆరో నంబరు నమూనా ప్రకారం ఒక సెట్టు అల్లి పంపమని ఆయన ఉద్దేశం. నాకు వినబడింది "సిక్స్ సెట్స్" అని. అనుమానం వచ్చి "సిక్స్ సెట్ సార్?" అని తిరగడిగాను. నేను చివర 'స్' మింగేశానన్నమాట. ఆయనకి అది "సిక్స్‌థ్ సెట్" లాగే వినబడింది కాబోలు, "ఎస్, ఎస్" అన్నారు.

ఆరు రకాలూ నచ్చి ఒక్కొక్కటి చొప్పున అడిగారని మేము పొంగిపోయాం. సెట్టు అంటే పెద్ద బల్లగుడ్డ ఒకటి, చిన్న గుడ్డలు ఆరు. ఎనిమిదిమంది ఆడవాళ్లు రెండు నెలలు వంచిన తల ఎత్తకుండా అల్లారు. పార్సెలు వెళ్లింది. పదిహేను రోజులు తిరక్కుండా ఐదు సెట్లు వెనక్కి వచ్చాయి. ఆరోదానికి డబ్బు వచ్చింది.

ఆయన్ని అనడానికేముంది? అడిగినదానికి డబ్బు ఇచ్చారు. అత్తయ్యగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. "పని చేసినవాళ్ల కూలి ఆపకూడదమ్మాయ్" అని మాత్రం అని, చేతి బంగారు గాజులు తీసి మావయ్యగారికి ఇచ్చారు. ఆ సాయంత్రమే అందరికీ కూలి ముట్టింది. ఆ గాజులు తాకట్టు విడిపించుకోడానికి ఏడాది పట్టింది. మట్టిగాజులు మాత్రం మిగిలిన ఆ చేతులు చూసినప్పుడల్లా నా కడుపులో దేవినట్టుండేది. ఒక చిన్న 'థ్', ఒక చిన్న 'స్', ఇంత పని చేశాయా అనిపించేది.

మా వీధిలో రిటైరైన ఇంగ్లీషు టీచరమ్మగారు ఒకావిడ ఉండేవారు. వెళ్లి ఆవిడ దగ్గర మొర పెట్టుకున్నాను. "నాకు నాలిక తిరగదు టీచరమ్మగారూ" అన్నాను. ఆవిడ నవ్వి, "స్త్రీ అను" అన్నారు. అన్నాను. "జ్యోత్స్న అను. రాష్ట్రం అను. స్వాతంత్ర్యం అను." అన్నీ అన్నాను. "మూడేసి హల్లులు ఒక్క గుక్కలో పలికావు. స్త్రీ అనే నోటికి స్ట్రీటు ఒక లెక్కా?" అన్నారు.

నిజమే కదండీ! స్త్రీలో ఉన్నవి స, త, ర. స్ట్రీట్‌లో ఉన్నవి స, ట, ర. నాలిక కొన పళ్ల దగ్గరనుంచి కాస్త వెనక్కి జరిగితే చాలు. చిన్నప్పుడు పలక మీద దిద్దుకున్నాం. అమ్మ, అక్క ద్విత్వాక్షరాలు. పద్మ, భక్తి సంయుక్తాక్షరాలు. స్త్రీ, రాష్ట్రం సంశ్లేషాక్షరాలు. ఇంగ్లీషువాళ్లు హల్లుల్ని పక్కపక్కన వరస పెడతారు. మనం ఒకదాని కింద ఒకటి ఒత్తులుగా పెట్టి ఒకే అక్షరం చేస్తాం. ఒకే అక్షరం కనక ఒకే ఊపులో పలకాలి. అది మన కంటికీ తెలుసు, నోటికీ తెలుసు.

మరి ఇస్కూలు, టేసను, గలాసు ఎక్కణ్ణుంచి వచ్చాయి? దీనికి మన వ్యాకరణంలోనే సమాధానం ఉంది. ప్రకృతి, వికృతి అని చదువుకున్నాం, జ్ఞాపకం ఉందా? శ్రీ సిరి అయింది, రత్నం రతనం అయింది. అంటే రెండు హల్లుల మధ్య ఒక అచ్చు దూర్చాం. భక్తి బత్తి అయింది, అగ్ని అగ్గి అయింది. అంటే రెండు వేరువేరు హల్లుల్ని ఒకే హల్లుగా మార్చేశాం. స్వామి సామి అయ్యాడు, ప్రాణం పానం అయింది. అంటే ఒక హల్లుని వదిలేశాం. వందల ఏళ్లుగా సంస్కృతం మాటల్ని మన జనం ఈ మూడు పద్ధతుల్లోనే మెత్తబరుచుకున్నారు. ఇంగ్లీషు మాటలొస్తే మాత్రం కొత్త పద్ధతి ఎందుకు? గ్లాసు గలాసు అయింది, రతనంలాగ. డాక్టరు డాట్టరు అయ్యాడు, బత్తిలాగ. స్టేషను టేసను అయింది, సామిలాగ. కనక ఇస్కూలు అన్నవాళ్లని చూసి నవ్వకండి. నవ్వితే సిరినీ రతనాన్నీ చూసి కూడా నవ్వాలి.

ఇది మన ఒక్కళ్ల గొడవా కాదు. ఉత్తరాదిన చాలామంది ఇస్కూల్ అంటారు, పంజాబులో సకూల్ అంటారు. స్పెయిను దేశస్థుల భాషలో బడి పేరే 'ఎస్కువేలా', ముందు అచ్చు లేనిదే వాళ్లకి గడవదు. జపానువాళ్లు స్ట్రైక్‌ని 'సుతొరైకు' అంటారు. ఇంగ్లీషువాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? మోకాలికి వాళ్లు రాసే మాటలో మొదటి అక్షరం క. పూర్వం దాన్ని 'క్నీ' అని పలికేవారు, జర్మన్లు ఇప్పటికీ అలాగే పలుకుతారు. ఇంగ్లీషువాళ్లకి బద్ధకం వేసి క మింగేశారు, 'నీ' మిగిలింది. చాకు సంగతీ అంతే.

మా ఊరి సంగతే చూడండి. నరసాపురంలో హల్లు హల్లుకీ ఒక అచ్చు తోడుంది. తెల్లదొరలు వచ్చి, మధ్య అచ్చు పీకేసి, చివర తోక కోసేసి, 'నర్సాపూర్' చేసేశారు. రైలు స్టేషనుకి ఆ పేరే స్థిరపడింది. పక్కనే మాధవాయిపాలెం ఉంది. ఈస్టిండియా కంపెనీవాళ్లు అక్కడ గిడ్డంగి పెట్టుకుని నూలు బట్టలు కొనేవారు. ఆ పేరు వాళ్ల నోట పడి 'మడపోలం' అయింది. ఆ బట్టకే ఆ పేరు వచ్చి ఇంగ్లీషు నిఘంటువులకి ఎక్కింది. మనం వాళ్ల మాటల్లో అచ్చులు దూరుస్తాం, వాళ్లు మన మాటల్లో అచ్చులు ఊడబెరుకుతారు. లెక్క సరిపోయింది!

అయితే ఇహ నేర్చుకోవలసింది ఏమీ లేదా అంటే, ఉంది. ఒక్క చోట ఉంది. మాట మొదట కాదు, మాట చివర.

మనది అజంత భాష. అంటే మాట చివర అచ్చు ఉండాలి. పాలు, నీళ్లు, అమ్మ, ఇల్లు. చివర హల్లు వచ్చిన ఇంగ్లీషు మాటకి మనం ఒక 'ఉ' తగిలిస్తాం. బస్సు, లైటు, డెస్కు. లేకపోతే చివరి హల్లు మింగేస్తాం. తెలుగులో ఇలా చేసినా అర్థం చెడదు. ఎంచేతంటే మన భాషలో అర్థాన్ని మోసే ముక్కలు పెద్దవి, స్పష్టమైనవి. పుస్తకం, పుస్తకాలు. అడుగుతాం, అడిగాం. ఆరు, ఆరోది. చెవిటివాళ్లకైనా వినబడతాయి. ఇంగ్లీషులో అలా కాదు. ఒకటా పదా అన్నది చివరి 'స్' చెబుతుంది. ఇవాళా నిన్నా అన్నది చివరి 'ట్' లేక 'డ్' చెబుతుంది. ఆరా ఆరోదా అన్నది చివరి 'థ్' చెబుతుంది. మన నోటికి అలవాటు లేని చోటే వాళ్ల భాష అసలు సంగతంతా దాచిపెట్టింది. టీచరమ్మగారు ఈ మాట చెప్పినప్పుడు నా ఐదు సెట్లూ ఎందుకు తిరిగి వచ్చాయో నాకు బోధపడింది.

ఇప్పుడు ఆవిడ నేర్పిన చిట్కాలు చెబుతాను. వంట చేసుకుంటూనే సాధన చెయ్యవచ్చు.

ముందు మాట మొదలు సంగతి. స్కూలు ముందు 'ఇ' రాకుండా ఉండాలంటే, కుక్కరు ఈల వేసేముందు 'స్స్‌స్' అంటుందే, అలా పొడుగ్గా అనండి. అంటూ గొంతు మీద వేలు ఆనించండి. 'ఇ' అంటే గొంతు అదురుతుంది, 'స్' అంటే అదరదు. అదురు లేకుండా గాలి సాగుతూండగానే 'కూల్' అనెయ్యండి. స్స్‌స్... కూల్. స్స్‌స్... టవ్. నాలుగుసార్లయ్యాక ఈల తగ్గించెయ్యండి, 'ఇ' దానంతటదే పోతుంది. స్త్రీకి ముందు 'ఇ' చేర్చామంటే ఇస్త్రీ అవుతుంది. ఇంట్లో మనకున్న చాకిరీ చాలదా, అది కూడానా!

మూడు హల్లులొచ్చినప్పుడు కంగారుపడకండి. ఇంగ్లీషులో మాట మొదట మూడింటికి మించి హల్లులు రావు. మూడు వస్తే మొదటిది తప్పకుండా స. రెండోది ప, ట, క లలో ఒకటి. మూడోది ర, ల, వ, య లలో ఒకటి. అంతకుమించి లేదు. స్ప్రింగ్, స్ట్రీట్, స్క్రూ, స్ప్లిట్, స్క్వేర్. వీటిని వెనకనుంచి కట్టుకుంటూ రండి. రూ, క్రూ, స్క్రూ. రింగ్, ట్రింగ్, స్ట్రింగ్. లిట్, ప్లిట్, స్ప్లిట్. జడ కుదుళ్ల నుంచి అల్లుతాం గాని, ఈ మాటలు మాత్రం కొసనుంచి అల్లుకు రావాలి.

రెండోది, మాట మధ్యా చివరా లేని అచ్చులు దూరకుండా చూసుకోవడం. అరచెయ్యి గడ్డం కింద ఆనించి మాట పలకండి. అచ్చు పలికినప్పుడల్లా గడ్డం కాస్తయినా దిగుతుంది. 'ఫిల్మ్' అంటే ఒక్కసారి దిగాలి. రెండుసార్లు దిగిందంటే మీరు ఫిలిం అన్నారన్నమాట. 'స్కూల్'కి ఒక్కసారి, 'ఇస్కూలు'కి మూడుసార్లు. 'డెస్క్' ఒకటి, 'డెస్కు' రెండు. అద్దం అక్కర్లేదు, గురువు అక్కర్లేదు. మన చెయ్యే మనకి పరీక్ష పెడుతుంది.

చివరి హల్లుల్ని ఒక్కొక్కటే తగిలించుకుంటూ వెళ్లండి. నెక్, నెక్స్, నెక్స్ట్. టెక్, టెక్స్, టెక్స్ట్. దీనికి బహువచనం చేస్తే టెక్స్ట్స్. చివర నాలుగు హల్లులు! ఇంగ్లీషులో చివర ఇంతకుమించి రావు, దండం పెట్టుకుందాం.

ఇక నన్ను ముంచిన 'సిక్స్‌థ్'. తెలుగు థకీ ఇంగ్లీషు థకీ తేడా ఉంది. రథం అన్నప్పుడు నాలిక పళ్లకి గట్టిగా తగిలి గాలి ఒక్కసారి ఆగి వస్తుంది. ఇంగ్లీషు 'థ్'కి గాలి ఆగకూడదు. నాలిక కొన పళ్ల మధ్య మెత్తగా ఆనించి ఊదాలి. కనక 'సిక్స్' అని ఆ ఈల సాగుతూండగానే నాలిక కొన నూలుపోగంత ముందుకి జరపండి. అంతే, సిక్స్‌థ్. మధ్యలో ఆగితే అతుకు కనబడుతుంది. ఫిఫ్త్‌కీ ఇదే పద్ధతి. పెదవి మీద 'ఫ్' ఊదుతూండగానే నాలిక పళ్ల మధ్యకి రావాలి.

మూడోది, జరిగిపోయిన పని చెప్పే మాటలు. రాతలో చివర 'ఎడ్' అని ఉంటుంది కనక మనం కుక్కెడ్, వాషెడ్, ఆస్కెడ్ అంటాం. ఇక్కడ మన పరుషాలూ సరళాలూ అక్కరకొస్తాయి. క, చ, ప లాంటి పరుషాల తర్వాతా, స, ష, ఫ ల తర్వాతా అది 'ట్' అవుతుంది. కుక్ట్, వాష్ట్, హెల్ప్ట్. గ, బ లాంటి సరళాల తర్వాతా, ల, మ, న, అచ్చుల తర్వాతా అది 'డ్' అవుతుంది. కాల్డ్, క్లీన్డ్, ఫ్రైడ్. ట, డ ల తర్వాత మాత్రమే 'ఇడ్' అని విడిగా వినబడుతుంది. వాంటిడ్, నీడిడ్. గసడదవాదేశాలు బట్టీపట్టిన మనకి ఈ సూత్రం ఏపాటి?

నాలుగోది నాకు అన్నిటికన్న నచ్చింది. సంధి! మనం ఏమి అంటారు అని విడగొట్టి మాట్లాడతామా? ఏమంటారు అంటాం. ఇంగ్లీషువాళ్లూ అంతే. చివర హల్లుల గుంపు వచ్చి, పక్క మాట అచ్చుతో మొదలైతే, చివరి హల్లుని ఆ అచ్చుకి తోడిచ్చేస్తారు. 'లాస్ట్ ఆర్డర్' అన్నది 'లాస్ టార్డర్' అవుతుంది. 'నెక్స్ట్ అవర్' అన్నది 'నెక్స్ టవర్' అవుతుంది. 'కుక్ట్ ఎగ్స్' అన్నది 'కుక్ టెగ్స్'. చూశారా, హల్లుకి ఒక అచ్చు తోడు దొరికింది! మన అజంత నోటికి ఇంతకన్న సుఖం ఏం కావాలి? మాటల్ని ఒక్కొక్కటే విడివిడిగా పలకడం వల్లనే మనకి కష్టం. కలిపి పలికితే సగం బరువు దిగిపోతుంది.

మరి పక్కమాట కూడా హల్లుతోనే మొదలైతే? అప్పుడు ఇంగ్లీషువాళ్లే మధ్యలో నలిగే ట, డ లని మింగేస్తారు. నెక్స్ట్ మంత్ అన్నది మామూలు మాటల్లో 'నెక్స్ మంత్' అవుతుంది. లాస్ట్ వీక్ 'లాస్ వీక్' అవుతుంది. పోస్టుమన్‌లో ట నలిగిపోతుంది. క్రిస్మస్ మాట రాతలో ట ఉంది, నోట్లో లేదు. హ్యాండుకర్చీఫు మాటలో డ ఉన్నట్టు రాస్తారు, పలికేది 'హ్యాంకర్చీఫ్'. కనక ప్రతి హల్లునీ సుత్తి పెట్టి కొట్టినట్టు పలకాలని ఆయాసపడకండి. అలా పలికితేనే కృతకంగా ఉంటుంది.

ఏది మింగవచ్చు, ఏది మింగకూడదు అన్నది ఎలా తెలుస్తుంది? దానికి టీచరమ్మగారు ఒక్క కొండగుర్తు చెప్పారు. "ఆ హల్లు పోతే అర్థం పోతుందా చూసుకో. పోకపోతే దాని ఖర్మానికి దాన్ని వదిలెయ్యి. పోతే మాత్రం గట్టిగా పట్టుకో." నెక్స్ట్ మంత్‌లో ట పోయినా వచ్చే నెలే. సిక్స్‌థ్‌లో థ పోతే ఆరోది ఆరైపోయింది. బుక్స్‌లో స పోతే పది పుస్తకాలు ఒకటైపోయాయి. అంకెలు, తారీఖులు, డబ్బు, మందుల మోతాదు, ఇలాంటివి చెప్పేటప్పుడు నిదానించి చివరి హల్లు దాకా వెళ్లాలి. ఇరుగుపొరుగు కబుర్లలో జారినా ఫరవాలేదు.

ఇంకొక జాగ్రత్త. నోరు సరిగ్గా ఉన్నా ఫోను మోసం చెయ్యవచ్చు. పాత టెలిఫోను లైన్లు సుమారు 300 నుంచి 3400 హెర్జుల మధ్య ఉన్న ధ్వనినే మోసేవి. స, ఫ, థ ల ఊదుడు శబ్దంలో చాలాభాగం దానికి పైన ఉంటుంది. అంటే అచ్చులు మద్రాసు నుంచి నరసాపురం దాకా క్షేమంగా వచ్చేవి, ఈ ఊదే హల్లులు మాత్రం దారిలో చాలామట్టుకు జారిపోయేవి. ఆనాడు ఆయన సవ్యంగానే పలికి ఉండవచ్చు, తీగె దాకా వచ్చి థ చచ్చిపోయి ఉండవచ్చు. ఈనాటి సెల్‌ఫోన్లు చాలా నయమే గాని, సిగ్నలు సరిగ్గా లేనప్పుడు వాటినీ నమ్మడానికి లేదు. కనక ముఖ్యమైన సంగతి ఏదైనా రెండు రకాలుగా చెప్పండి, రెండు రకాలుగా అడగండి. "సిక్స్‌థ్ సెట్ సార్? నంబర్ సిక్స్? ఓన్లీ వన్ సెట్?" అని నేను ఆనాడు అడిగి ఉంటే అత్తయ్యగారి గాజులు ఆవిడ చేతికే ఉండేవి. తిరిగి అడగడం చదువు లేనితనం కాదు. తెలివైనవాళ్లు చేసే పని.

ఇంకొక్క మాట. పిల్లలు బళ్లో నేర్చుకుని వచ్చి "అమ్మా, అలా అనకూడదు, నీకు రాదు" అని నవ్వుతూంటారు. వాళ్ల మీద విసుక్కోకండి, మీరు చిన్నబుచ్చుకోకండి. "అయితే ఏదీ, నువ్వు చెప్పు, నేను అంటాను" అనండి. వాడికి పాఠం గట్టిపడుతుంది, మీకు మాట వస్తుంది. బదులుగా వాడిచేత జ్యోత్స్న, ఓష్ఠ్యం, ఉజ్జ్వలం అనిపించండి. ఎవరి నోరు ఎంతో అప్పుడు తెలుస్తుంది!

మా మనవరాలు అమెరికాలో పుట్టింది. దానికి స్ట్రెంగ్త్ అన్నా స్క్వేర్ అన్నా మంచినీళ్ల ప్రాయం. పప్పు అనమంటే మాత్రం 'పపు' అంటుంది, గిన్నె అంటే 'గినె' అంటుంది. వాళ్ల ఇంగ్లీషులో ఒక మాట లోపల హల్లుని ద్విత్వంగా ఒత్తి పలికే అలవాటు లేదు మరి. అందుకని మేమిద్దరం ఒక ఒడంబడిక చేసుకున్నాం. ఆదివారం ఆదివారం అది నాకు ఒక ఇంగ్లీషు మాట చెప్పాలి, నేను దానికి ఒక ద్విత్వం చెప్పాలి.

క్రిందటి వేసవిలో అది మా ఊరు వచ్చింది. పెట్టె సర్దుతూ పాత లేసు గుడ్డలు బయటికి తీశాను. తిరిగి వచ్చిన ఐదు సెట్లలో నాలుగు ఏళ్ల తరబడి పెళ్లిళ్లకి కానుకలుగా వెళ్లిపోయాయి. ఒకటి మిగిలింది. అత్తయ్యగారి జ్ఞాపకంగా అట్టేపెట్టుకున్నాను. దాని చేతిలో పెట్టి, ఎనిమిదిమంది అల్లిన కథ, గాజుల కథ చెప్పాను. అది అతుకులు ఎక్కడున్నాయో వేలితో వెతికింది. కనబడలేదు.

"ఏ క్లాసులోకి వచ్చావే?" అని అడిగాను.

"సిక్స్‌థ్ గ్రేడ్, అమ్మమ్మా" అంది. ఆ థ నాకు స్పష్టంగా వినబడింది. అంతకన్న స్పష్టంగా వినబడింది, అమ్మమ్మలో ద్విత్వం.